నడక మొదలుపెట్టడానికి ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలా? వ్యాయామంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వ్యాయామం గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సందేహం వేర్వేరు రూపాల్లో కనిపించింది. మొదలుపెట్టే ముందు ఎవరిని అడగాలి, ఏ పరీక్షలు చేయించుకోవాలి, వచ్చిన ఫలితాన్ని ఏమని అర్థం చేసుకోవాలి అన్నదే ఆ సందేహం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను ఒకచోట కలిపి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. చదువు పూర్తయిన తర్వాత వ్యాయామం ఊసే లేదు. నాకు తెలిసి ఏ జబ్బూ లేదు. ముందు నడక, కొన్నాళ్లయ్యాక పరుగు మొదలుపెట్టాలని ఉంది. ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోకుండా ఈ వయసులో అలాంటివి పెట్టుకోవద్దని మిత్రులు హెచ్చరిస్తున్నారు. వారి మాట నిజమేనా?

జవాబు: మీరు రాసిన వివరాల ప్రకారం నడక రేపే మొదలుపెట్టవచ్చు. దానికి ట్రెడ్‌మిల్ పరీక్ష, అంటే కదిలే పట్టీ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష, అవసరం లేదు. మీ మిత్రుల సలహా వెనక ఉన్న భయం అర్థం చేసుకోదగినదే కానీ, ఆ సలహా పాతబడింది.

ఒకప్పుడు వయసు, పొగ తాగే అలవాటు, కుటుంబంలో గుండెజబ్బు, కొలెస్ట్రాల్ వంటి వాటిని ఒక్కొక్కటిగా లెక్కవేసి, ఆ లెక్క పెరిగితే వ్యాయామానికి ముందు వైద్యుడి దగ్గరకు పంపే పద్ధతి ఉండేది. ఆ లెక్కన నడివయసు దాటిన వారిలో చాలామందికి వైద్యుడి అనుమతి లేకుండా నడకకు బయలుదేరే వీలే లేకుండా పోయింది. జాగ్రత్త కోసం పెట్టిన నిబంధనే మనుషుల్ని కుర్చీకి కట్టేసింది. ఈ ఇబ్బందిని గుర్తించిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2015లో ఆ పద్ధతిని మార్చి, మూడు విషయాలు మాత్రం తేల్చుకుంటే చాలునని చెప్పింది. ఇప్పుడు మీరు క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తున్నారా? గుండె, రక్తనాళాలు, మూత్రపిండాల జబ్బు గానీ మధుమేహం గానీ ఉన్నట్టు తెలుసా, లేదా వాటిని సూచించే లక్షణాలు ఉన్నాయా? మీరు చేయదలచుకున్నది ఎంత తీవ్రమైన వ్యాయామం? ఇక్కడ క్రమం తప్పకుండా అంటే కనీసం గత మూడు నెలలుగా వారానికి మూడు రోజులైనా, రోజుకు 30 నిమిషాల చొప్పున ఒక మోస్తరు శ్రమ చేస్తూ ఉండడం.

వ్యాయామం అలవాటు లేకపోయినా జబ్బూ లక్షణాలూ లేనివారు తేలికపాటి శ్రమతోనో ఒక మోస్తరు శ్రమతోనో మొదలుపెట్టి, క్రమంగా పెంచుకుంటూ పోవచ్చు. మీరు ఈ కోవలోకి వస్తారు. జబ్బు ఉన్నట్టు తెలిసి, వ్యాయామం అలవాటు లేనివారు లక్షణాలు లేకపోయినా ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి. జబ్బు ఉన్నా లక్షణాలు లేకుండా ఇప్పటికే వ్యాయామం చేస్తున్నవారు ఒక మోస్తరు శ్రమను కొనసాగించవచ్చు గానీ, దాన్ని తీవ్రం చేయాలనుకున్నప్పుడు వైద్యుడి సలహా తీసుకోవాలి. ఇక లక్షణాలు ఉన్నవారు, అలవాటు ఉన్నా లేకపోయినా, ముందు వైద్యుణ్ణి కలవాలి. ఇందులో మినహాయింపు లేదు.

లక్షణాలంటే ఏమిటో వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే చాలామంది వాటిని గ్యాస్ అనో నీరసమనో కొట్టిపారేస్తారు. శ్రమపడినప్పుడు ఛాతీలో గానీ మెడ, దవడ, చేతుల్లో గానీ నొప్పి, బిగుతు, బరువు. విశ్రాంతిలో ఉన్నప్పుడో కొద్దిపాటి పనికో ఆయాసం రావడం. కళ్లు తిరగడం, స్పృహ తప్పడం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవలసి రావడం. రెండు చీలమండల దగ్గర వాపు. కారణం లేకుండా గుండె దడదడలాడడం. కొంత దూరం నడిచేసరికి పిక్కలు పట్టేసి, నిలబడితే తగ్గి, మళ్లీ నడిస్తే తిరిగి రావడం. రోజూ చేసే పనికే ఇదివరకు లేని అలసట. వీటిలో ఒక్కటి ఉన్నా మీకు పైన చెప్పిన జవాబు వర్తించదు.

కెనడాలో రూపుదిద్దుకున్న ‘పార్-క్యూ ప్లస్’ అనే ప్రశ్నపత్రం కూడా ఇదే పని చేస్తుంది. దాని మొదటి పుటలో 7 ప్రశ్నలు ఉంటాయి. గుండెజబ్బు, అధిక రక్తపోటు, ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, ఇతర దీర్ఘకాలిక వ్యాధులు, వాటికి వాడే మందులు, ఎముకలు కీళ్ల సమస్యలు, వైద్య పర్యవేక్షణలోనే వ్యాయామం చేయాలని వైద్యుడు ఎప్పుడైనా చెప్పారా అన్న సంగతి అందులో అడుగుతారు. అన్నింటికీ నిజాయితీగా ‘లేదు’ అని రాయగలిగితే మొదలుపెట్టవచ్చు. ఏ ఒక్కదానికి ‘అవును’ అన్నా, తర్వాతి పుటల్లోని ప్రశ్నలకు కూడా జవాబులు రాయాలి.

లక్షణాలు లేనివారికి, గుండెజబ్బు ముప్పు తక్కువగా ఉన్నవారికి ట్రెడ్‌మిల్ పరీక్ష ఎందుకు వద్దంటారంటే, అలాంటివారిలో అది మేలు కంటే అయోమయాన్నే ఎక్కువగా మిగిల్చే అవకాశం ఉంది. జబ్బు లేకపోయినా ఈసీజీలో తేడా కనిపించవచ్చు, స్త్రీలలో ఇది మరీ ఎక్కువ. ఆ తేడా సంగతి తేల్చడానికి మరో పరీక్ష, అక్కడినుంచి ఇంకోటి, ఒక్కోసారి యాంజియోగ్రామ్ దాకా వెళ్లవలసి వస్తుంది. పోనీ ఫలితం బాగుంటే ఇక భయం లేదా అంటే, అదీ కాదు. శ్రమ సమయంలో గుండెకు రక్తం అందనంతగా రక్తనాళం ఇరుకైనప్పుడే ఈ పరీక్ష సాధారణంగా పసిగట్టగలదు. పెద్దగా అడ్డుపడని కొవ్వు పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి వచ్చే గుండెపోటును అది ముందుగా చెప్పలేదు. అందువల్ల లక్షణాలు ఉన్నవారికి వైద్యుడు రాసే ట్రెడ్‌మిల్ పరీక్షకూ, ఏ లక్షణమూ లేనివారికి ప్యాకేజీలో కలిపి అంటగట్టే ట్రెడ్‌మిల్ పరీక్షకూ చాలా తేడా ఉందని గుర్తించండి.

మీ వయసులో బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోవడం మంచిదే. అయితే నడవకపోయినా చూపించుకోవలసినవే అవి, నడకకు ముందు షరతులు కావు. పరుగు విషయంలో మాత్రం తొందర వద్దు. వ్యాయామం చేస్తుండగా గుండెకు వచ్చే ముప్పు ఎక్కువగా కనిపించేది అలవాటు లేని శరీరాన్ని ఉన్నట్టుండి తీవ్రంగా శ్రమపెట్టినప్పుడే. అలవాటు పెరిగేకొద్దీ ఆ ముప్పు తగ్గుతుంది. మొదటి నాలుగు నుంచి ఆరు వారాల్లో, వారానికో రెండు వారాలకో 5 నుంచి 10 నిమిషాల చొప్పున నడక సమయాన్ని పెంచండి. రెండు మూడు నెలల తర్వాత, చురుకైన నడక సునాయాసమైనప్పుడు, మధ్యమధ్యలో ఒక్కో నిమిషం పరుగు కలపండి.

ప్రశ్న: రోజుకు 10,000 అడుగులని కొందరు, 45 నిమిషాలు ఏకబిగిన నడిస్తేనే ఫలితమని మరికొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?

జవాబు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాలు తీవ్రమైన శ్రమ గానీ, లేదా రెండూ కలిపి దానికి సమానమైనంత గానీ చేయాలి. దీనికి తోడు వారానికి కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నింటికీ బలం చేకూర్చే వ్యాయామం ఉండాలి. ఈ రెండో భాగాన్ని చాలామంది వదిలేస్తారు. నడక ఒక్కటే చేస్తూ అన్నీ చేస్తున్నామనుకోవడం సరికాదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు అవసరం.

ఏకబిగిన చేయాలన్న నియమం ఇప్పుడు లేదు. 2010 నాటి మార్గదర్శకాల్లో ఒక్కో విడత కనీసం 10 నిమిషాలైనా ఉండాలని ఉండేది, 2020లో దాన్ని తొలగించారు. ఇక 10,000 అడుగుల లెక్క ఏ వైద్య పరిశోధన నుంచీ పుట్టలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల లెక్కింపు పరికరం పేరుతో అది ప్రచారంలోకి వచ్చింది. ఆ అంకె మిమ్మల్ని కదిలిస్తుంటే ఉంచుకోండి, అందుకోలేకపోతున్నామని దిగులుపడవలసిన పని లేదు.

శ్రమ ఒక మోస్తరుగా ఉందో, తీవ్రంగా ఉందో తెలుసుకోవడానికి మాటే మంచి కొలమానం. నడుస్తూ మాట్లాడగలుగుతూ, పాట పాడలేకపోతుంటే అది ఒక మోస్తరు శ్రమ. నాలుగు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగవలసి వస్తుంటే అది తీవ్రమైన శ్రమ.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. 220 లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం వస్తుందని చదివాను. ఆ లెక్కన నాది 162. చురుగ్గా నడిచేటప్పుడు చేతి గడియారం 150 చూపిస్తోంది, నాకేమో ఆయాసం అనిపించదు. నాతోపాటే నడిచే నా భార్య బీపీకి బీటా బ్లాకర్ మాత్ర వాడుతోంది. ఆమెకు ఎంత నడిచినా 105 దాటదు. మా ఇద్దరిలో ఎవరు కంగారుపడాలి?

జవాబు: ఈ అంకెలను మాత్రమే చూసి ఇద్దరూ కంగారుపడనక్కర్లేదు. 220 సూత్రం ఒక సగటు అంచనా. ఒకే వయసున్న వ్యక్తుల మధ్య నిజమైన గరిష్ఠ వేగం ఆ అంచనాకు 10, 12 స్పందనలు అటూ ఇటూ ఉండడం మామూలే, కొందరిలో తేడా అంతకంటే ఎక్కువగానే ఉంటుంది. 2001లో ప్రతిపాదించిన మరో సూత్రం ప్రకారం వయసును 0.7తో గుణించి, వచ్చినదాన్ని 208 లోంచి తీసివేయాలి. దాని ప్రకారం మీ అంచనా 167 అవుతుంది. రెండు సూత్రాలకే ఇంత తేడా ఉన్నప్పుడు, వాటిలో ఒకదాన్ని పట్టుకుని హద్దు దాటానేమోనని బెంగపడడంలో అర్థం లేదు.

అసలు ఆ 150 నిజమో కాదో ముందు చూసుకోండి. మణికట్టు గడియారాలు చేయి ఊపుతున్నప్పుడు, పట్టీ వదులుగా ఉన్నప్పుడు పొరపాటు లెక్క చూపించవచ్చు. నడక ఆపిన వెంటనే బొటనవేలి వైపు మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు ఆనించి, 15 సెకన్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. బొటనవేలితో మాత్రం చూడవద్దు, దానిలోనూ నాడి కొట్టుకుంటుంది కనుక లెక్క తప్పుతుంది. ఆపగానే వేగం పడిపోవడం మొదలవుతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. చేత్తో చూసినా ఎప్పుడూ 150 దగ్గరే ఉంటే, లేదా నాడి లయ తప్పుతున్నట్టు తోస్తే, ఒకసారి ఈసీజీ తీయించుకోవడం సబబు.

మీ శ్రీమతి విషయంలో జరుగుతున్నది మందు పనే. బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని విశ్రాంతిలోనూ శ్రమలోనూ తగ్గించి ఉంచుతాయి కనుక, వయసు సూత్రాలు ఆమెకు వర్తించవు. అంకె పెరగలేదని వేగం పెంచుకుంటూ పోవడమే ఆమె చేయకూడని పని. స్వీడన్‌కు చెందిన మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన శ్రమ కొలబద్ద ఇలాంటివారికి బాగా ఉపయోగపడుతుంది. అందులో 6 అంటే ఏ శ్రమా లేకపోవడం, 20 అంటే ఇక ఒక్క అడుగు కూడా వేయలేని స్థితి. తనకు కలుగుతున్న శ్రమను 12, 13 దగ్గర ఉన్నట్టు ఆమె చెప్పగలిగితే, గడియారం ఏం చూపినా, అది ఒక మోస్తరు వ్యాయామమే. వైద్యుణ్ణి అడగకుండా మాత్ర మానడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. జిమ్‌లో చేరిన తొలిరోజే మెట్టు పరీక్ష, పుషప్స్, ముందుకు వంగే పరీక్ష చేయించి, కొవ్వు శాతం చూసి, అన్నిటికీ కలిపి ‘పేలవం’ అని కాగితం చేతికిచ్చారు. కాఫీ తాగి, మూడంతస్తులు మెట్లెక్కి వెళ్లాను. చాలా నిరుత్సాహంగా ఉంది.

జవాబు: మీ నిరుత్సాహానికి కారణం మీ దేహ దారుఢ్యం కంటే ఆ పరీక్ష జరిగిన తీరే కావచ్చు. కాఫీ, మెట్లు రెండూ గుండె వేగాన్ని పెంచేవే. గుండె వేగం మీదే ఆధారపడే పరీక్షకు వాటి తర్వాత వెంటనే నిలబెట్టడం పద్ధతి కాదు.

ఇలాంటి పరీక్షలకు వెళ్లేటప్పుడు మూడు గంటల ముందునుంచి భోజనం, కాఫీ, టీ, పొగ, మద్యం మానాలి. ఆ రోజు మరే కఠినమైన శ్రమా చేసి ఉండకూడదు. ముందు రాత్రి సరిగ్గా నిద్రపోయి ఉండాలి. చేరగానే కనీసం 5 నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తున ఉంచి బీపీ చూడాలి. విశ్రాంతిలోనే అది 200/110 దాటి ఉంటే ఆ రోజు శ్రమ పరీక్షలు పెట్టకూడదు. ఈ కొలతల తర్వాత గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం, ఆ తర్వాత కండరాల బలం, చివర్లో వంగే గుణం, ఇదీ వరుస. ముందే పుషప్స్ తీయించి, ఆ తర్వాత మెట్టెక్కిస్తే గుండె వేగం అప్పటికే పెరిగి ఉంటుంది.

మూడు నిమిషాల మెట్టు పరీక్ష ఎలా ఉంటుందో చెబితే ఎక్కడ తేడా వస్తుందో మీకే తెలుస్తుంది. దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తున్న పీట ముందు నిలబడతారు. నిమిషానికి 96 సార్లు టిక్కుమనే మెట్రోనోమ్‌కు తగ్గట్టు ఒక కాలు పైకి, రెండో కాలు పైకి, మొదటిది కిందికి, రెండోది కిందికి వేస్తారు. నాలుగు టిక్కులకు ఒక విడత, నిమిషానికి 24 విడతలు. మూడు నిమిషాలు పూర్తికాగానే కూర్చుని, 5 సెకన్లలోపే నాడి పట్టుకుని, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెడతారు. శ్రమ ఆగాక గుండె ఎంత త్వరగా నెమ్మదిస్తే సామర్థ్యం అంత మెరుగు అన్నది దీని వెనకున్న సూత్రం. లయ తప్పినా, నాడి పట్టుకోవడంలో పావు నిమిషం ఆలస్యమైనా ఫలితం మారిపోతుంది. పొట్టివారికి అదే పీట ఎక్కువ శ్రమ అవుతుంది. కొవ్వు శాతం చూపే యంత్రం సన్నని విద్యుత్తును శరీరం గుండా పంపి అంచనా కట్టేది కావడం వల్ల, ఒంట్లో నీరు తగ్గినా పెరిగినా అంకె కదులుతుంది.

ఇంతకూ ఈ పరీక్షలు ఎందుకంటే, మిమ్మల్ని పక్కవారితో పోల్చి మార్కులు వేయడానికి కాదు, మీరు ఎక్కడినుంచి బయలుదేరారో గుర్తుపెట్టుకోవడానికి. ఆ కాగితంలోని ‘పేలవం’ అన్న మాట కొట్టేసి, నాడి ఎంత, పుషప్స్ ఎన్ని అన్న అంకెలు మాత్రం ఉంచుకోండి. కుదిరితే సరైన పద్ధతిలో మరోసారి చేయించుకోండి. తర్వాత 8 నుంచి 12 వారాలకు అదే సమయంలో, అదే పీట మీద, అదే వరుసలో చేసి చూడండి.

12 నిమిషాల్లో ఎంత దూరం పరుగెత్తగలరో చూసే కూపర్ పరీక్షను కూడా కొన్నిచోట్ల కొత్తవారికి పెడుతున్నారని మరో ఉత్తరంలో చదివాం. అమెరికా వైమానిక దళ సిబ్బంది మీద పరీక్షించి కెనెత్ కూపర్ 1968లో ప్రకటించిన పద్ధతి అది. శక్తి మేరకు పరుగెత్తవలసిన పరీక్ష కనుక, పరుగు అలవాటైనవారికే తగినది. తొలిరోజు ఎవరైనా అది చేయమంటే నిరాకరించండి.

ప్రశ్న: మా అత్తగారికి 71 ఏళ్లు. మధుమేహానికి మాత్రలు వాడుతున్నారు. ఇంట్లో తిరగగలరు గానీ, చేత్తో ఆనుకోకుండా కుర్చీలోంచి లేవలేరు. ఈ వయసులో వ్యాయామం మొదలుపెట్టి లాభముందా?

జవాబు: తప్పకుండా ఉంది. అయితే మధుమేహం ఉండి, వ్యాయామం అలవాటు లేనివారు కనుక ముందు వైద్యుణ్ణి కలవాలి. ఆవిడ వాడేవి షుగరును బాగా పడిపోయేలా చేయగల మాత్రలేనా, కంటి రెటీనా, పాదాల స్పర్శ ఎలా ఉన్నాయి అన్నవి అక్కడ తెలుసుకోండి. షుగరును అలా పడిపోయేలా చేయగల సల్ఫోనిలూరియా వర్గం మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారు వ్యాయామానికి ముందు షుగరు చూసుకుని, 90 కంటే తక్కువగా ఉంటే కొంచెం పిండిపదార్థం తీసుకున్నాకే మొదలుపెట్టాలి. పాదాలను రోజూ పరీక్షించి చూడాలి, స్పర్శ తగ్గినవారికి బొబ్బ లేచినా తెలియదు.

పెద్దల కాళ్ల బలం చూడడానికి 30 సెకన్ల కుర్చీ పరీక్ష ఉంది. గోడకు ఆనించిన 43 సెంటీమీటర్ల ఎత్తు కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, అర నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కపెడతారు. 70 నుంచి 74 ఏళ్ల స్త్రీలలో ఆ లెక్క 10 కంటే తక్కువైతే సగటు కంటే తక్కువని, పడిపోయే ముప్పు ఉందని భావిస్తారు. చేతులు ఉపయోగిస్తే లెక్క సున్నా. ఆ లెక్కన మీ అత్తగారిది ఇప్పుడు సున్నాయే, కానీ ఆ మాట ఆవిడతో అనకండి. కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచి, మొదట రెండు చేతులూ ఆనించి, తర్వాత ఒక చేయి, ఆ తర్వాత వేళ్ల కొసలు మాత్రమే ఆనించి లేవడం అలవాటు చేయించండి. ఈ పరీక్షే ఆవిడకు వ్యాయామం కూడా అవుతుంది. దీనితోపాటు బరువైన బల్ల పట్టుకుని ఒక పాదం ముందు మరో పాదం ఉంచి నిలబడడం వంటి తూకం నిలిపే వ్యాయామాలు వారానికి మూడు రోజులైనా ఉండాలి. 65 దాటినవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన కూడా ఇదే. మొదట్లో పక్కన ఒక మనిషి ఉండాలి.

వయసు గురించి సందేహం ఉంది కనుక ఒక ప్రయోగం సంగతి చెప్పాలి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో 20 ఏళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచి, శ్రమ చేసే సామర్థ్యం ఎంత తగ్గిందో కొలిచారు. 30 ఏళ్ల తర్వాత అవే ఐదుగురిని మళ్లీ పరీక్షించినప్పుడు, అన్నేళ్ల వయసు వల్ల తగ్గినదాని కంటే ఆ మూడు వారాల పడక వల్ల తగ్గినదే ఎక్కువని తేలింది. ముసలితనం పేరుతో మనం సరిపెట్టుకునే బలహీనతలో కొంత భాగం కదలకపోవడం వల్ల వచ్చినదే.

ప్రశ్న: నాకు బీపీ ఉంది, మందులతో అదుపులో ఉంది. వైద్యుడు డంబెల్స్ ఎత్తవచ్చన్నారు, ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు.

జవాబు: వైద్యుడి మాటే వినండి. ఊపిరి బిగబట్టి ఎత్తడం వల్లే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది కాబట్టి, ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతూ, దించేటప్పుడు తీసుకోండి. 10 నుంచి 15 సార్లు ఎత్తగలిగిన బరువుతో మొదలుపెట్టండి. ఒకే కండరానికి మళ్లీ పని చెప్పే ముందు 48 గంటలు వ్యవధి ఇవ్వండి. చివర్లో ఠక్కున ఆపి నిలబడిపోకుండా కొన్ని నిమిషాలు మెల్లగా నడవండి. శ్రమలో విప్పారిన కాళ్ల రక్తనాళాల్లో రక్తం నిలిచిపోయి కళ్లు తిరిగే అవకాశం ఉంది, బీపీ మందులు వాడేవారికి ఇది మరింత ఎక్కువ. ఏ బరువు ఎత్తుతున్నా ఛాతీలో బిగుతు వస్తే అక్కడే ఆపి కూర్చోండి. కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా, నొప్పి దవడకో చేతికో పాకినా అంబులెన్స్‌ను పిలవండి. తగ్గిపోతే మాత్రం ఆ రోజుకు ఇక ఎత్తకుండా, వెంటనే వైద్యుడికి చూపించుకోండి.